సెన్సస్‌లో జర్మనీ అనే ఉంటుంది, ఊరి పేరు చర్చి పుస్తకంలో ఉంటుంది

అమెరికాలో జర్మన్ మూలాలున్న కుటుంబాల చరిత్ర వెతికేవాళ్ళు దాదాపు అందరూ ఒకేచోట ఆగిపోతారు. ఒక్కో తరమే వెనక్కి వెళ్తారు, సెన్సస్ కాగితం దొరుకుతుంది, పుట్టిన చోటు అనే గడిలో "జర్మనీ" అని ఉంటుంది, అంతే, అక్కణ్ణుంచి దారి కనపడదు. ఎందుకంటే జర్మనీలో పాత రికార్డులన్నీ ఊరి లెక్కన ఉంటాయి, ఇంకా సరిగ్గా చెప్పాలంటే ఆ ఊరు ఏ చర్చి కిందకి వస్తుందో ఆ చర్చి లెక్కన ఉంటాయి, దేశం మొత్తానికీ కలిపి ఒక లిస్టు అంటూ ఏమీ లేదు. ఊరు తెలియకపోతే ఎంత పెద్ద ఇంటిపేరు చేతిలో ఉన్నా ఉపయోగం లేదు.

నేను ఈ పని మా వియ్యపురాలి కోసం మొదలుపెట్టాను. మా అల్లుడి వాళ్ళది విస్కాన్సిన్‌లో వాటర్‌టౌన్ దగ్గర ఒక పల్లె, తరాలుగా వ్యవసాయమే. ఆవిడని నేను మన పద్ధతిలో వదినగారూ అనే పిలుస్తాను, ఆవిడకీ అలవాటైపోయింది. ఇంటిపేరు మాత్రం ఇక్కడ రాయను, వాళ్ళింట్లో చిన్నపిల్లలున్నారు. వదినగారికి తెలిసిందల్లా మేం జర్మన్స్, లూథరన్స్ (ప్రొటెస్టెంట్ క్రైస్తవుల్లో ఒక శాఖ), పొలం పని చేసుకునేవాళ్ళం అన్న మూడు ముక్కలే. నాకేమో ఇందులో ఎందుకంత ఆసక్తి అంటే, నేను గుంటూరు లూథరన్ల ఇంటి పిల్లని, చర్చి రిజిస్టర్లో పేరు రాయించడం అంటే ఏంటో, ఆ పుస్తకాన్ని పెద్దవాళ్ళు ఎంత జాగ్రత్తగా పట్టుకుంటారో చిన్నప్పటినుంచీ చూసినదాన్ని.

ముందు సెన్సస్ సంగతి. ఇక్కడ పదేళ్ళకోసారి తీస్తారు, 72 ఏళ్ళదాకా పేర్లు బయటపెట్టరు, అందుకే 1950ది 2022లో వచ్చింది. అక్కణ్ణుంచి ఒక్కోటీ పట్టుకుని వెనక్కి నడవాలి, మధ్యలో ఒకటి వదిలేసి దూకకూడదు. 1850కి ముందువాటిల్లో ఇంటి పెద్ద పేరే ఉంటుంది, మిగతావాళ్ళు వట్టి అంకెలు, 1850 నుంచే ఇంట్లో స్వతంత్రులందరి (అంటే బానిసలు కానివాళ్ళందరి) పేర్లూ రాశారు. చాలామందికి తెలియని విషయం ఏంటంటే జర్మన్ల విషయంలో కొత్త సెన్సస్‌ల కంటే పాతవే మేలు. 1860, 1870, 1880లో పుట్టిన చోటు దగ్గర రాజ్యం పేరు రాయడం ఉండేది, ప్రష్యా, బవేరియా, బాడెన్, వుర్టెంబర్గ్, హెస్సె, మెక్లెన్‌బర్గ్ అని. జర్మనీ ఒక్క దేశంగా ఏర్పడిందే 1871లో కదా. 1900 వచ్చేసరికి అందరికీ ఒకటే మాట, జర్మనీ. వదినగారి పూర్వీకుల కుటుంబం 1900లో భార్యా భర్తా ఇద్దరూ జర్మనీ, అదే 1880 కాగితంలో చూస్తే ఆయన ప్రష్యా, ఆవిడ మెక్లెన్‌బర్గ్! ప్రష్యా అంటే పడమట రైన్ నది నుంచి తూర్పున రష్యా సరిహద్దుదాకా ఉండే రాజ్యం కాబట్టి దాంతో పెద్దగా తేలదు, కానీ మెక్లెన్‌బర్గ్ చిన్నది, అక్కడ పట్టు దొరికింది.

అలాగని 1900ది పనికిరాదని కాదు, నా దృష్టిలో అన్నింటిలోకీ విలువైనది అదే. పుట్టిన నెల, ఏడాది, పెళ్ళై ఎన్నేళ్ళు, దేశానికి ఏ సంవత్సరం వచ్చారు, పౌరసత్వం తీసుకున్నారా లేదా, ఇవన్నీ అందులో ఉంటాయి. ఇవి కాక ఆడవాళ్ళ వరసలో ఇంకో రెండు గడులుంటాయి, ఎంతమంది పిల్లల్ని కన్నారు, ఎంతమంది బతికున్నారు అని. ఆ కుటుంబంలో భార్య దగ్గర 9, 5 అని ఉంది. 1880లో ఆ ఇంట్లో ఆరుగురు పిల్లలు, 1900లో వాళ్ళలో ముగ్గురి జాడ లేదు. మధ్యలో చూద్దామంటే 1890 సెన్సస్ లేదు, 1921 జనవరిలో వాషింగ్టన్‌లో కామర్స్ డిపార్ట్‌మెంట్ బిల్డింగ్‌లో మంటలొచ్చి చాలావరకు పాడైపోయింది, మిగిలినదాన్నీ తర్వాత నాశనం చేసేశారు. 1880ల్లోనే జర్మన్లు అందరికంటే ఎక్కువగా వచ్చారు, పదేళ్ళలో 14 లక్షల పైచిలుకు, సరిగ్గా వాళ్ళ మొదటి రోజుల కాగితాలే పోయాయి. ఈ విషయం తల్చుకుంటే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. విస్కాన్సిన్‌కి రాష్ట్ర సెన్సస్ విడిగా ఉంది, 1885, 1895, 1905, కానీ మొదటి రెండింట్లో ఇంటి పెద్ద పేరు మాత్రమే ఉంటుంది, 1905లో అందరి పేర్లూ ఉంటాయి.

అప్పుడు వాళ్ళ చర్చికి వెళ్ళాం. ఆ పల్లె లూథరన్ చర్చిలో పాత పుస్తకాలు ఇంకా వాళ్ళ దగ్గరే ఉన్నాయి, పాస్టర్‌గారు మమ్మల్ని కూర్చోబెట్టి ఒక్కోటీ తెచ్చి ఇచ్చారు. బాప్తిస్మాలు, కన్ఫర్మేషన్లు, పెళ్ళిళ్ళు, సమాధులు, అన్నీ జర్మన్ భాషలో, పాత జర్మన్ చేతిరాతలో. ఆ లిపిని కుర్రెంట్ అంటారు, అందులో e, n దాదాపు ఒకేలా ఉంటాయి, చిన్న u మీద ఒక గీత పెట్టి దాన్ని n నుంచి వేరు చేస్తారు, h చూస్తే పైకీ కిందికీ రెండు మెలికలతో ఉంటుంది. భయపడక్కర్లేదు, ముందు మీకు కావాల్సిన ఇంటిపేరునీ ఊరి పేరునీ ఆ లిపిలో ఒక కాగితం మీద నాలుగుసార్లు రాసుకుని పక్కన పెట్టుకోండి, పేజీలు తిప్పుతుంటే కన్ను దానంతటదే పట్టుకుంటుంది. భాష రాకపోయినా ఫర్వాలేదు, ఈ రికార్డుల్లో వచ్చే మాటలు మహా అయితే ఒక వంద, పుట్టుక, బాప్తిస్మం, తండ్రి, తల్లి, సాక్షులు, కూలీ, పాలేరు, ఇలాంటివే.

సమాధుల పుస్తకంలో 1881 చలికాలం పేజీలో ఆ ముగ్గురు పిల్లలూ దొరికారు. మూడు వారాల్లో ముగ్గురు, పెద్దదానికి తొమ్మిదేళ్ళు, మధ్యవాడికి ఆరు, చిన్నదానికి మూడు. కారణం దగ్గర డిఫ్తీరియా అని ఉంది, ఆ పేజీలో అటూ ఇటూ ఉన్న పిల్లలందరికీ అదే మాట. ప్రతి పేరు పక్కనా పాస్టర్ ఆ రోజు ఏ వాక్యం మీద మాట్లాడారో కూడా రాశారు, మూడోసారి యోబు 1:21 (బైబిల్లో "యెహోవా ఇచ్చెను, యెహోవా తీసికొనిపోయెను" అనేది) అని ఉంది, గుంటూరులో మా ఇంట్లో మరణాలకి కూడా చదివిన వాక్యమే అది. వదినగారు ఆ ముగ్గురి పేర్లూ అంతకుముందు ఎప్పుడూ వినలేదు, వాళ్ళింట్లో ఎవరికీ తెలియదు, వాళ్ళకి సమాధి రాళ్ళు కూడా లేవు. సెన్సస్‌లో 9, 5 అని రెండు అంకెలుగా ఉన్నది ఇక్కడ పేర్లతో ఉంది. నేను ఈ పనిని వదలకుండా చేస్తున్నానంటే ఆ పేజీ ఒక పెద్ద కారణం.

దానికి సంబంధించే ఇంకో సంగతి, చనిపోయిన పాప పేరునే తర్వాత పుట్టిన పాపకి పెట్టారు. అప్పట్లో జర్మన్లలో ఇది మామూలే. ఇంటర్నెట్‌లో జనం పెట్టే ఫ్యామిలీ ట్రీల్లో ఇలాంటి ఇద్దర్నీ కలిపేసి ఒక్కరిగా చూపిస్తుంటారు, 1872లో పుట్టి 1890ల్లో పెళ్ళిచేసుకున్నట్టు. సమాధుల పుస్తకం చూడకుండా బాప్తిస్మాలు మాత్రం చూస్తే అలాగే అవుతుంది. పేర్లతో ఇంకో చిక్కు ఏంటంటే అన్నదమ్ములు నలుగురికీ ముందు యోహాన్ అనే ఉంటుంది, పిలిచేది మాత్రం రెండో పేరుతోనో మూడో పేరుతోనో, కాబట్టి బాప్తిస్మంలో యోహాన్ ఫ్రీడ్రిక్ విల్‌హెల్మ్ అయినవాడు సెన్సస్‌లో విలియం, విల్‌హెల్మీన ఏమో మిన్నీ. ఇంటిపేర్ల స్పెల్లింగ్ సంగతి చెప్పనక్కర్లేదు, లెక్క రాసేవాడికి ఇంగ్లీషు వచ్చు, చెప్పేవాళ్ళకి జర్మన్ వచ్చు, చెవికి ఎలా వినపడితే అలా రాశాడు, B కి P, D కి T, K కి C, G. సెర్చ్‌లో ఇంటిపేరు కొట్టి దొరకలేదని వదిలేయకండి, ఇంటిపేరు తీసేసి పేరు, వయసు, కౌంటీ, పుట్టిన రాజ్యం పెట్టి చూడండి. అన్నట్టు న్యూయార్క్ రేవులో వలస వచ్చేవాళ్ళని దింపిన ఎల్లిస్ ఐలాండ్‌లో ఆఫీసర్లు పేర్లు మార్చేశారనే మాట చాలా కుటుంబాల్లో చెప్తారు, అది నిజం కాదు. ఓడ లిస్టులు బయల్దేరే రేవులోనే తయారయ్యేవి, అక్కడ వాటిని చూసి సరిచూసుకునేవాళ్ళు అంతే. పైగా ఎల్లిస్ ఐలాండ్ తెరిచిందే 1892లో, మా వాళ్ళలాంటి వాళ్ళు దిగింది 1855 నుంచి 1890దాకా నడిచిన కాసిల్ గార్డెన్‌లో. పేర్లు మారింది తర్వాత, మెల్లగా, బళ్ళో, కొట్లో, పక్కింటివాళ్ళ నోట్లో.

ఇక ఊరి సంగతి. 1880లో మెక్లెన్‌బర్గ్ అని రాయించిన ఆవిడ ఊరు పెళ్ళి పుస్తకంలోనే ఉంది, 1869లో పెళ్ళి, వధువు మెక్లెన్‌బర్గ్ ష్వెరిన్‌లో ఫలానా ఊళ్ళో ఫలానా కూలీ కూతురు అని పాస్టర్ శుభ్రంగా రాసిపెట్టారు. పాస్టర్లు ఇలా ఎందుకు రాస్తారంటే వాళ్ళకి అది అవసరం, ఈ మనిషి ఎక్కడ బాప్తిస్మం తీసుకుంది, ఎవరి బిడ్డ, వేరే పెళ్ళి ఉందా అని చూసుకోవాలి. లెక్క రాసేవాడికి అవన్నీ అక్కర్లేదు. అందుకే అందరికీ ఇదే చెప్తాను, సముద్రం దాటి జర్మనీ రికార్డుల్లోకి దూకకముందే అమెరికాలో వాళ్ళు వెళ్ళిన చర్చి ఏదో కనుక్కుని ఆ పుస్తకాలు పూర్తిగా చూడండి, మీ మనిషి ఒక్కడివే కాదు, అన్నదమ్ములవీ అక్కచెల్లెళ్ళవీ కూడా.

మెక్లెన్‌బర్గ్‌కి ఒక అదృష్టం ఉంది, అక్కడ పాత జనాభా లెక్కలు మిగిలాయి, 1819వీ 1867వీ. 1867 లెక్కలో ఆవిడ పందొమ్మిదేళ్ళ పిల్ల, ఒక పెద్ద ఎస్టేట్‌లో పనిమనిషి. అదే ఎస్టేట్ కూలీల ఇళ్ళలో తల్లీ తండ్రీ, వాళ్ళతో పాటు అక్క, ఆ అక్కకి రెండేళ్ళ కొడుకు, భర్త లేడు. ఆ ఊరి చర్చి బాప్తిస్మాల్లో ఆ బాబు పేరు పక్కన తల్లి పేరే ఉంది. 1868 వసంతంలో అందరూ బయల్దేరారు, హాంబర్గ్ ఓడ లిస్టులో ఉన్నారు (హాంబర్గ్ లిస్టులు 1850 నుంచి మిగిలాయి, ఎక్కణ్ణుంచి వస్తున్నారో ఊరి పేరు కూడా ఉంటుంది, బ్రెమెన్ లిస్టులు మాత్రం చాలావరకు పోయాయి). అదే ఓడలో వేరే ఇంటిపేరుతో ఒక యువకుడు, అదే ఎస్టేట్ నుంచి. విస్కాన్సిన్ చర్చి పుస్తకంలో చూస్తే వచ్చిన కొన్ని వారాలకే ఆ అక్కకీ ఆ యువకుడికీ పెళ్ళి, ఆ బాబు ఆ తర్వాత తండ్రి ఇంటిపేరుతోనే పెరిగాడు.

ఇది వాళ్ళ ఒక్కరి కథ కాదు. మెక్లెన్‌బర్గ్‌లో 1820లో వెట్టి రద్దయింది, కానీ ఎస్టేట్‌లో ఇల్లు ఇచ్చి ఉండనివ్వాలా వద్దా అన్నది దొర చేతిలోనే ఉండిపోయింది, ఉండే హక్కు లేనిదే పెళ్ళి చేసుకోనివ్వరు, కూలీలు పెరిగితే రేపు ముసలివాళ్ళయ్యాక పోషించాలని దొరలు ఇళ్ళు ఇచ్చేవాళ్ళు కాదు. దాంతో ఏళ్ళ తరబడి పెళ్ళి కాకుండానే పిల్లలు, తర్వాత అమెరికా ప్రయాణం. ఆ పెళ్ళి ఆంక్షల్ని ఉత్తర జర్మన్ సమాఖ్య (1871కి ముందు ఉత్తరాది జర్మన్ రాజ్యాల కూటమి) చట్టం చేసి తీసేసింది 1868 మే నెలలో. అప్పటికి మా వాళ్ళు వచ్చేశారు. వదినగారి చుట్టాల్లో ఒకరు ఈ బాబు విషయం ఫ్యామిలీ బుక్‌లో రాయకూడదన్నారు. నేనైతే రాయాల్సిందే అన్నాను, రాయకపోతే తప్పు ఆ పిల్లదే అని ఊరుకున్నట్టవుతుంది, ఏం జరిగిందో రాస్తే పెళ్ళి చేసుకోవడానికి సముద్రం దాటిన ఇద్దరు మనుషులు కనిపిస్తారు. వదినగారు కూడా రాద్దామనే అన్నారు.

ఆ మెక్లెన్‌బర్గ్ ఆవిడ భర్త సంగతి ఇంత తేలిగ్గా తేలలేదు. పెళ్ళి పుస్తకంలో ఆయన పక్కన "పొమ్మెర్న్" అనే ఉంది, అంటే పొమరేనియా, ప్రష్యాలో బాల్టిక్ తీరం ప్రాంతం. విస్కాన్సిన్‌కి ఆ ప్రాంతంవాళ్ళు చాలా ముందునుంచీ వచ్చారు, ప్రష్యా రాజు మూడో ఫ్రెడరిక్ విలియం లూథరన్లనీ ఇంకో ప్రొటెస్టెంట్ శాఖైన రిఫార్మ్‌డ్ చర్చివాళ్ళనీ 1817 నుంచి ఒకటి చేయబోతే ఒప్పుకోనివాళ్ళు 1839లో మిల్వాకీ దగ్గర ఫ్రైస్టాట్ అనే ఊరే కట్టుకున్నారు. తర్వాత వచ్చినవాళ్ళు చాలావరకు భూమి లేని కూలీలు. ఈ భర్త కూడా అలాంటివాడే, 1866లో బ్రెమెన్ నుంచి న్యూయార్క్. ఊరు ఎక్కడా లేదు. సమాధి పుస్తకంలో కూడా లేదు, కానీ అందులో ఇంకోటి ఉంది, చనిపోయింది 1911 మార్చి 14న, వయసు 72 ఏళ్ళ 5 నెలల 9 రోజులు. వెనక్కి లెక్కేస్తే పుట్టింది 1838 అక్టోబర్ 5. తేదీ దొరికింది, ఊరే లేదు.

అప్పుడు ఆయన్ని వదిలేసి చుట్టుపక్కలవాళ్ళని చూడ్డం మొదలుపెట్టాను. ఆయన పిల్లల బాప్తిస్మాల్లో జ్ఞానతల్లిదండ్రులుగా (బాప్తిస్మం అప్పుడు బిడ్డ తరఫున నిలబడేవాళ్ళు) ఎవరెవరున్నారో మొత్తం ఒక కాగితం మీద రాశాను. ఒక పేరు మళ్ళీ మళ్ళీ వస్తోంది. 1870 సెన్సస్‌లో ఆ మనిషి మా వాళ్ళకి సరిగ్గా పక్క పొలం, 1880లోనూ పక్కనే. ఇద్దరూ ఎక్కడో ముందే తెలిసినవాళ్ళై ఉండాలి అనిపించింది, ఎందుకంటే ఈ జనం ఒంటరిగా వచ్చి ఎక్కడపడితే అక్కడ దిగలేదు, ముందు ఒకరు వచ్చి ఉత్తరం రాస్తే ఆ ఊరివాళ్ళు, ఆ ఇంటి అల్లుళ్ళు, మేనమామలు వరసగా వచ్చారు, మన ఊళ్ళనుంచి ఒకే కాలేజీ పిల్లలు ఒకే సిటీలో తేలినట్టు. ఆ జ్ఞానతండ్రి సమాధి రికార్డు తీస్తే రేగెన్‌వాల్డె జిల్లా, ఊరి పేరుతో సహా ఉంది! ఆ ఊరు ఏ చర్చి కిందకి వస్తుందో చూడ్డానికి మేయర్స్ గెజిటీర్ అని 1912 నాటి జర్మన్ ఊళ్ళ నిఘంటువు ఉంది, ఆన్‌లైన్‌లో ఫ్రీగా చూడొచ్చు, ఒకే పేరుతో చాలా ఊళ్ళుంటాయి కాబట్టి జిల్లా పేరు చాలా ముఖ్యం. ఆ చర్చి పుస్తకం ఫ్యామిలీసెర్చ్ అనే సైట్‌లో ఉంది, 1838 అక్టోబర్ పేజీ తీస్తే అక్టోబర్ 5న పుట్టినవాడు, అదే పేరు, తండ్రి కూలీ, తల్లి పుట్టింటి ఇంటిపేరు మన జ్ఞానతండ్రి ఇంటిపేరే. అంటే పక్క పొలం ఆయన మేనమామ కొడుకు అయ్యుంటాడు, అది ఇంకా ఖాయం చేసుకోవాలి.

ఆ ఊరు ఇప్పుడు పోలండ్‌లో ఉంది, రేగెన్‌వాల్డె పేరు ఇప్పుడు రెస్కో. 1945 నుంచి అక్కడి జర్మన్లని దాదాపు అందర్నీ పంపించేశారు, ఆ ప్రాంతం చర్చి పుస్తకాలు చాలా పోయాయి, మిగిలినవి కొన్ని జర్మనీలో గ్రైఫ్స్‌వాల్డ్‌లో, కొన్ని పోలండ్ ప్రభుత్వ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. మీవాళ్ళు ఇప్పటి జర్మనీ లోపలి ప్రాంతంవాళ్ళైతే ఇంకా సులువు, ప్రొటెస్టెంట్ పుస్తకాలకి ఆర్కియన్ అనే సైట్ ఉంది, డబ్బు కట్టాలి, క్యాథలిక్ పుస్తకాలకి మట్రికులా ఉంది, ఉచితం, అవి చాలావరకు లాటిన్‌లో ఉంటాయి. దేశమంతా ప్రభుత్వమే జనన మరణాలు రాయడం 1876 జనవరి నుంచి మొదలైంది, అంతకుముందు చాలా ప్రాంతాల్లో చర్చి పుస్తకమే ఆధారం.

గుంటూరువాళ్ళ కోసం ఒక మాట. అమెరికా నుంచి గుంటూరు వచ్చిన లూథరన్ మిషనరీ, మన ఫాదర్ హయ్యర్ గారు కూడా ఈ లెక్కలో జర్మన్ ఇమ్మిగ్రెంటే. 1793లో హెల్మ్‌స్టెట్‌లో పుట్టి 1807లో కుర్రాడిగా ఫిలడెల్ఫియా చేరారు, 1842లో గుంటూరు వచ్చారు, చివర్లో డెబ్భై దాటాక 1869లో మళ్ళీ బయల్దేరి రాజమండ్రి దాకా వచ్చారు, 1873లో పోయారు. అమెరికాలో అందరి పేర్లూ రాసిన మొదటి సెన్సస్ 1850ది అని చెప్పాను కదా, ఆ ఏడాది ఆయన పల్నాడులో ఉన్నారు. మా తాతల బాప్తిస్మాల రిజిస్టర్ వెనక ఉన్న పద్ధతి ఈ విస్కాన్సిన్ పుస్తకాల వెనక ఉన్న పద్ధతీ ఒకటే, గడులు కూడా దాదాపు అవే, అందుకే భాష రాకపోయినా ఏ గడిలో ఏముంటుందో నాకు ముందే తెలిసేది.

విస్కాన్సిన్ పుస్తకాల్లో 1918 ప్రాంతంలో జర్మన్ తగ్గి ఇంగ్లీషు వస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధం రోజులు, పక్కనున్న అయోవాలో గవర్నర్ చర్చిలో కూడా ఇంగ్లీషు తప్ప ఇంకో భాష మాట్లాడకూడదని ఆదేశమే ఇచ్చాడు. వదినగారి తాతగారికి జర్మన్ వచ్చినా పిల్లలకి నేర్పలేదట. ఊరి పేరు ఇంట్లో ఎవరికీ ఎందుకు మిగల్లేదో నాకు అప్పుడు అర్థమైంది.

ఇప్పుడు మిగిలింది ఆ పొమరేనియా ఆయన తమ్ముడు. 1880 సెన్సస్‌లో అదే టౌన్‌షిప్‌లో భార్యతో, ఇద్దరు పిల్లలతో ఉన్నాడు, తర్వాత లేడు, సమాధుల్లోనూ లేడు. చర్చి సభ్యుల లిస్టులో పేరు కొట్టేసి పక్కన నెబ్రాస్కా అని చిన్న అక్షరాలతో ఉంది. నెబ్రాస్కాకి 1885లో విడిగా తీసిన సెన్సస్ ఉంది, అందులో ఇంట్లో అందరి పేర్లూ ఉంటాయి. లూథరన్ చర్చిలున్న కౌంటీలన్నీ రాసుకున్నాను, ఒక్కోటీ చూస్తున్నాను. మీలో ఎవరైనా నెబ్రాస్కాలో ఉండి ఏదైనా పాత జర్మన్ చర్చికి దగ్గర్లో ఉంటే కామెంట్‌లో చెప్పండి, ఏ పుస్తకంలో ఏం చూడాలో నేను రాసి పంపిస్తాను.